బిందెలు మోసిన ఇల్లు

రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పేరు వినపడకుండా రోజు గడవదు. 1890లో ఆయన కట్టించిన టౌన్ హాలు ఉంది, ఆయన పేరున ఆస్తిక కళాశాల ఉంది, భార్యాభర్తల సమాధులున్న ఆనందోద్యానవనం ఉంది. పై ఊళ్ల నుంచి వచ్చిన చుట్టాలు వీటిని దూరం నుంచి చూసి సరిపెట్టుకుంటారు. నేను మాత్రం ముందు ఇంటికే తీసుకెళ్తాను. ఊరికి ఆయన పంతులుగారు కాబట్టి అది పంతులుగారి ఇల్లు.

1848 ఏప్రిల్ 16న ఆయన పుట్టింది అక్కడే. పూర్వీకులది కందుకూరు. ఇంటిపేరు ఆ ఊరిదే అయినా, మనిషి అచ్చంగా గోదావరివాడు. నాలుగేళ్లకే తండ్రి పోతే పెదతండ్రి నీడలో పెరిగారు. కోరంగిలో పంతులుగిరీ, దవళేశ్వరంలో ప్రధానోపాధ్యాయుడి కొలువూ అయ్యాయి. 1874లో దవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. ఆ ఏడే ‘వివేకవర్ధని’ పత్రిక మొదలైంది. పత్రికలు, ప్రహసనాలు, ‘రాజశేఖర చరిత్రము’ అన్నీ పాఠ్యపుస్తకాలు చెబుతాయి గనక వాటి జోలికి పోను.

ఇంటి కథ 1881 డిసెంబరు 11 రాత్రిది. గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మల పెళ్లి. గౌరమ్మ బాలవితంతువు. తెలుగుదేశంలో పంతులుగారు చేయించిన మొదటి వితంతు వివాహం అది, జరిగింది ఈ ఇంట్లోనే. ఊరు రెండుగా చీలింది. అల్లరి జరుగుతుందన్న భయంతో పోలీసు కాపలా పెట్టారు. కాలేజీ విద్యార్థులు గురువుగారి పక్షాన నిలబడ్డారు. కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్యగారు డబ్బుతో ఆదుకున్నారు. నాలుగు రోజులు తిరక్కుండానే, 15వ తేదీన, రెండో పెళ్లి కూడా జరిపించారు. ఆయన చేతుల మీదుగా జరిగినవి మొత్తం నలభై దాకా ఉంటాయంటారు.

దండలు, ఉపన్యాసాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. నాకు అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. ఈ పెళ్లి తలపెట్టినందుకు ఆ ఇంటిని వెలివేశారు. వెలి అంటే నోటిమాట కాదు. వంటవాళ్లు రారు, నీళ్లు మోసేవాళ్లు రారు, పిలిచినా పురోహితుడు గడప తొక్కడు. అలాంటి ఇంట్లో పెళ్లివారికి అన్నం ఎవరు వండాలి? పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు వండారు. ఊరి పక్క కాతేరు ఆడపడుచు ఆవిడ. గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు తెచ్చి, పొయ్యి రాజేసి, వచ్చినవాళ్లందరికీ వడ్డించారు. తర్వాతి సంవత్సరాల్లో పుట్టింటివాళ్లు గెంటేసిన పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని సాకారు. పంతులుగారి వాదం పత్రికల్లో గెలిచిందేమో గాని, సంస్కరణ నిలిచింది మాత్రం వంటింట్లో. ఆవిడ 1910లో పోయారు. ఆ తర్వాత పంతులుగారు తొమ్మిదేళ్లు బతికారు.

మా ఊరి పిల్లలు అమెరికాలో ఉంటారు గనక ఆ దేశపు అధ్యక్షుల ఇళ్ల కబుర్లు మాకు కొత్త కాదు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లింకన్ కాపురమున్న ఇంటిని 1887లో కొడుకు రాబర్ట్ ఇల్లినాయ్ రాష్ట్రానికి ఇచ్చేశాడు. బాగా చూసుకోవాలి, జనం దగ్గర పైసా తీసుకోకూడదు అని షరతు పెట్టాడు. వాషింగ్టన్ ఇల్లు మౌంట్ వెర్నన్ శిథిలమవుతుంటే ప్రభుత్వం ముందుకు రాలేదు. ఆన్ పమేలా కనింగ్‌హామ్ అనే ఆవిడ ఆడవాళ్లను కూడగట్టి 1853లో సంఘం పెట్టింది, రెండు లక్షల డాలర్లకు దాన్ని కొనిపించింది. ఇప్పటికీ ఆ సంఘానిదే. అంత శ్రద్ధగా చూసుకున్న ఆ ఆవరణలోనూ ఒక లోటు చాలాకాలం ఉంది. 1799లో వాషింగ్టన్ పోయేనాటికి అక్కడ మూడు వందలకు పైగా బానిసలుండేవారు. వాళ్ల శ్మశానం దగ్గర 1929లో ఒక చిన్న పలక, 1983లో సరైన స్మారకం వచ్చాయి. ఇంటి యజమాని కుర్చీ భద్రంగా ఉండడం వేరు, ఆ ఇంటిని నడిపినవాళ్ల జాడ ఉండడం వేరు.

పంతులుగారి దంపతులకు పిల్లల్లేరు. లింకన్ కొడుకులా ఇల్లు అప్పగించే వారసుడు లేడు. ఆస్తినంతా ఆయన బతికుండగానే తాను స్థాపించిన హితకారిణీ సమాజానికి రాసిచ్చేశారు. ఇల్లు ఇవాళ రాష్ట్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉంది. ఆ మాటకు సంతోషించాలి. అయితే గోదావరి ఒడ్డున పాత ఇంటిని కాపాడటం బోర్డు పెట్టినంత తేలిక కాదు. ఇక్కడి పాత గోడలు గానుగ సున్నంతో కట్టినవి. అవి చెమ్మ పీల్చి మళ్లీ వదులుతాయి. పెచ్చు ఊడిందని పైన సిమెంటు మెత్తితే చెమ్మ లోపలే ఉండిపోతుంది, రెండు వానాకాలాల్లో ఇటుక పొడి అవుతుంది. మా చుట్టుపక్కల మండువా లోగిళ్లు చాలావరకు ఇలాగే పోయాయి, యజమానుల ప్రేమ చేతిలో! కలప దూలాలకు చెదలొకటి. సున్నం గానుగాడి, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపే మేస్త్రీలు దొరకడం అరుదైపోయింది. మరమ్మతు టెండర్లలో ఆ పనికి వేరే లెక్క ఉండాలి, మామూలు సివిల్ పనుల ధరకు ఎవరూ రారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆయన ప్రాణం పోయింది ఈ ఇంట్లో కాదు. ‘ఆంధ్ర కవుల చరిత్రము’ సవరణ పనిలో మద్రాసు వెళ్లి, 1919 మే 27న కొమర్రాజు లక్ష్మణరావుగారి ఇల్లు ‘వేదవిలాస్’లో కన్నుమూశారు. రాజమండ్రి ఇంటికి మిగిలింది పుట్టుక, పెళ్లిళ్లు, కాపురం. మ్యూజియానికి అది చాలు.

ఏప్రిల్ 16న విగ్రహాలకు దండలు పడతాయి. ఆ రోజు తెలుగు నాటకరంగ దినోత్సవం కూడా, బహుమతులిస్తారు. నన్నడిగితే ఇంటికి తగిన పండుగ డిసెంబరు 11. ఆ రోజు కాతేరు, దవళేశ్వరం బడిపిల్లల్ని పిలిచి, రేవులో బిందెలు నింపించి, ఇంటిదాకా నడిపించాలి. అక్కడ అందరికీ భోజనం పెట్టాలి. వంట మాత్రం మగపిల్లలు చేయాలి.