తాడు లాగిందెవరు?

ఈ దసరా సెలవుల్లో మా ఇంట్లో స్కూటర్లు పెట్టుకునే షెడ్డు కాస్తా వర్క్‌షాపు అయి కూర్చుంది. మా అబ్బాయికి చెక్కపని పిచ్చి పట్టుకుంది. ఉద్యోగంలో చేరిన ఏడాదిలో దాచుకున్న డబ్బుతో, కర్రని గిరగిరా తిప్పి నున్నగా చెక్కే లేత్ మిషను కొన్నాడు. అంతటితో ఆగితే బాగుండు. వారం తిరక్కుండా పార్సిళ్లు మొదలయ్యాయి. దొన్నెలాగా వంపు తిరిగిన ఉలి, ఏటవాలు మూతి ఉలి, కర్రని తెగ్గోసే సన్నటి ఉలి, కర్రని నాలుగు వైపులా పట్టుకునే చక్, మొహానికి అడ్డం పెట్టుకునే తొడుగు, సాన రాయి, ఆ సాన మీద ఉలి వాలు చెడిపోకుండా పట్టి ఉంచే జిగ్. చివరికి లెక్కేస్తే పనిముట్ల ఖర్చు మిషను ధరకి సమానంగా తేలింది. నేను గొణుగుతూనే ఉన్నాను.

మా అమ్మ మాత్రం ఏమీ గొణగలేదు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, మెల్లగా వచ్చి షెడ్డు గడప మీద కూర్చుని మిషను కేసి కాసేపు చూసింది. తర్వాత ఒకే ఒక మాట అడిగింది.

"అంతా బాగుండాది గానీ, తాడు లాగేదెవురు నాయనా?"

వాడు నవ్వేసి, "మోటారు ఉంది కదవ్వా" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. అమ్మ ఎందుకు అడిగిందో నాకు తెలుసు.

మా తాత చంద్రగిరి అవతల ఒక పల్లెలో వడ్రంగి. ఇంటి పంచలోనే ఆయన తరిమెన ఉండేది. లేత్‌కి మన పాత తెలుగు మాట అదే. మంచం కోళ్లు, కవ్వాలు, పప్పుగుత్తులు, ఉయ్యాల గుబ్బలు, పిల్లల బొంగరాలు అన్నీ దాని మీదే తయారయ్యేవి. రెండు గుంజల మధ్య కర్రని బిగించి, దానికి తాడు రెండు చుట్లు చుట్టి, ఒక మనిషి కుడికీ ఎడమకీ మార్చి మార్చి లాగాలి. కర్ర ఉలి వైపుకి తిరిగినప్పుడే తాత ఉలి ఆనిస్తాడు, వెనక్కి తిరిగినప్పుడు ఎత్తేస్తాడు. అలా లాగిన మనిషి మా అమ్మ. తొమ్మిదో ఏట మొదలుపెట్టింది. ఐదో తరగతితో బడి ఆగిపోయింది, ఎందుకంటే పొద్దున పూట తాడుకి చెయ్యి కావాలి. ఉలి పట్టడం మాత్రం మా మామకి నేర్పించారు.

ఆ మాట మనసులో పెట్టుకుని ఈ పనిముట్టు చరిత్ర కాస్త చదివాను. చదివే కొద్దీ అమ్మ అడిగిన ప్రశ్నే మళ్లీ మళ్లీ ఎదురైంది.

తరిమెన బొమ్మల్లో మనకి దొరికినవాటిలో బాగా పాతది ఈజిప్టులో ఉంది. పెటోసిరిస్ అనే పూజారి సమాధి గోడ మీద, క్రీస్తుపూర్వం 300 ప్రాంతానిది. అందులో ఇద్దరున్నారు. ఒకరు ఉలి పట్టారు, ఇంకొకరు తాడు లాగుతున్నారు. అంటే ఆ పని మొదటి నుంచీ ఇద్దరిది. తర్వాతి వెయ్యేళ్ల పైచిలుకు చరిత్ర అంతా ఆ రెండో మనిషి లేకుండా పని ఎలా జరుపుకోవాలన్న ప్రయత్నమే అనిపిస్తుంది. మన దేశంలో కొందరు పనివాళ్లు విల్లు లాంటి కర్రకి తాడు కట్టి ఒక చేత్తో విల్లు ఆడిస్తూ, రెండో చేత్తోనూ కాలి వేళ్లతోనూ ఉలి పట్టుకునేవారు. ఐరోపాలో వంగే కొమ్మకి తాడు కట్టి, కింద కాలితో తొక్కే పద్ధతి వచ్చింది. తొక్కితే కర్ర ముందుకి తిరుగుతుంది, వదిలితే కొమ్మ పైకి లేచి వెనక్కి తిప్పుతుంది. లియొనార్డో డావిన్చీ తన కాగితాల్లో, కాలితో తొక్కితే బరువైన చక్రం ఊపుతో కర్ర ఒకే వైపుకి ఆగకుండా తిరిగే తరిమెన గీసి పెట్టాడు. ఆ తర్వాత ఆవిరి వచ్చింది, కరెంటు వచ్చింది.

ఇంట్లో సరదాకి ఇలాంటి వర్క్‌షాపు పెట్టుకోవడం కూడా మా వాడితో మొదలైంది కాదు. ఈ పని మీద 1701లోనే ఫ్రాన్సులో ప్లూమియే అనే ఆయన పెద్ద పుస్తకం అచ్చు వేశాడు. రష్యా చక్రవర్తి మొదటి పీటర్ రాచకార్యాల మధ్య తరిమెన దగ్గర కూర్చుని దంతం, కర్ర చెక్కేవాడు. 18వ శతాబ్దం చివర నుంచీ లండన్‌లో హోల్ట్‌జాఫెల్ కుటుంబం జమీందార్ల కోసం ఖరీదైన తరిమెనలు, వాటికి పెట్టెలకొద్దీ ఉలులు, బిగింపులు తయారు చేసి అమ్మింది. ఆ పార్సిళ్లు వచ్చినప్పుడు ఆ ఇళ్ల ఆడవాళ్లు కూడా నాలాగే గొణిగి ఉంటారు!

మన దగ్గర మాత్రం ఇది సరదా పని కాదు, పొట్టకూటి పని. మీలో చాలామందికి చిన్నప్పుడు లక్కపిడతలు ఉండే ఉంటాయి. మా అలిపిరిలో, కొండ మీదా అంగళ్లలో వేలాడే ఆ ఎర్రటి, పచ్చటి చిన్ని కుండలు, పొయ్యి, తిరగలి, రోలు. అవన్నీ తరిమెన మీద పుట్టినవే. ఆ పనికి మన రాష్ట్రంలో పేరున్న ఊరు అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక. మెత్తటి అంకుడు కర్రని తిప్పి చెక్కుతారు. అది తిరుగుతూ ఉండగానే రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. కర్ణాటకలోని చన్నపట్నంలోనూ ఇదే జాతి కర్ర, ఇదే లక్క.

పసిపిల్లలు బొమ్మని ముందు నోట్లో పెట్టుకుంటారని అమ్మలకి తెలిసినంత బాగా ఎవరికి తెలుసు? నడుమ కొన్నాళ్లు రసాయనాల రంగులు రాజ్యమేలాయి. ఏటికొప్పాకకి చెందిన సి.వి. రాజుగారు పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటివాటి నుంచి తీసిన రంగుల్ని మళ్లీ లక్కలోకి తెచ్చారు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. సంతోషమే. కానీ ఈ సంగతులన్నీ చదువుతున్నంతసేపూ నాకొకటి తోచింది. ఉలి పట్టిన చేతికి పేరుంది, రంగు కనిపెట్టిన మనిషికి పేరుంది, బొమ్మ పుట్టిన ఊరికి పేరుంది. కరెంటు రాకముందు ఇంటి పంచల్లో తాడు లాగిన చేతులకి మాత్రం ఎక్కడా పేరు లేదు. ఇంట్లోవాళ్లు చేసిందాన్ని మనం సాయం అంటాం, పని అనం.

మళ్లీ మా షెడ్డుకొస్తాను. మా వాడు మొదట పప్పుగుత్తి చెయ్యబోయాడు. అమ్మ వంటింట్లో చింతచిగురు ఏరుతూ అక్కడి నుంచే కేకేసింది. "ఉలి మొద్దుబోయిందిరా, కర్ర ఏడస్తా ఉండాది. సాన పట్టుకో." వాడు ఆపి చూసుకుంటే నిజమే. ఉలిని జిగ్‌లో బిగించి సాన పట్టి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి చెక్కపొట్టు రిబ్బన్లలా లేచింది, చప్పుడు కూడా మారింది. ఏళ్ల తరబడి తాడు లాగిన మనిషికి చెవులతోనే ఆ విద్య అబ్బిందన్న సంగతి మాకెవరికీ తెలియదు. నాకైనా అమ్మని అడగాలని ఎప్పుడూ తోచలేదు.

మర్నాడు వాడే వాళ్లవ్వని పిలిచాడు. కొంగు మిషనులో పడకుండా లోపలికి దోపించి, తన ఏప్రన్ కట్టి, మొహానికి తొడుగు పెట్టి, ఉలి చేతికిచ్చి వెనక నిలబడ్డాడు. అమ్మ చేతులు మొదట వణికాయి. తర్వాత ఉలిని ఊత మీద ఆనించి నెమ్మదిగా జరిపింది. రెండు నిమిషాలు. గుత్తి మెడ దగ్గర ఒక గీత పడింది, కాస్త వంకరగా. మిషను ఆపేశాక దాన్ని బొటనవేలితో తడిమి చూసుకుంది.

"ఎట్లుందమ్మా?" అన్నాను.

"ఇదేముందే, తేలిక. కష్టమంతా తాడుదే" అంది.

ఆ గుత్తితోనే ఇప్పుడు మా ఇంట్లో పప్పు ఎనుపుతున్నాం. వంకర గీతని వాడు సరిచేస్తానన్నాడు, నేనే వద్దన్నాను.

మీ ఇంట్లో కూడా మగ్గమో, కుమ్మరి సారెనో, గానుగో, కుట్టుమిషనో ఉండి ఉంటుంది. దాని వెనక చెయ్యి ఎవరిదో, ఆవిడ ఉన్నప్పుడే ఒకసారి అడగండి. నేను చాలా ఆలస్యంగా అడిగాను. మీరైనా తొందరపడండి.