తానీషా వేషం

మా బళ్ళో ఏటా వార్షికోత్సవానికి భక్త రామదాసు నాటకం వేసేవాళ్ళు. ఖమ్మంలో ఒక ప్రైవేటు బడి అది, పేరు ఎందుకులెండి. గోపన్నది నేలకొండపల్లి, అంటే మా జిల్లా కథే. ఏడో తరగతిలో నాకు తానీషా వేషం దొరికింది. నాకు నటన వచ్చని కాదు. "ఒరేయ్, సాయిబు వేషం సాయిబుకే ఇస్తే సరిపోతుందిరా, ఉర్దూ ముక్కలు వాడే చెప్పుకుంటాడు" అన్నాడు సారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. అమ్మీ తన నిఖా నాటి జరీ దుపట్టా తీసి నాకు తలపాగా చుట్టింది.

రాముడి విగ్రహాలు మొదట కనుగొన్నదని చెప్పే పోకల దమ్మక్క వేషం ఒక కోయ పిల్లకు ఇచ్చారు. చర్ల వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునేది. ఆమెకూ అంతే, వేషం కోసం వెతకక్కర్లేదనుకున్నారు. ఆ నలభై నిమిషాలు మేమిద్దరం ఆ బడికి కావలసినవాళ్ళం. తెర దిగాక ఆమె ఎప్పటిలాగే చివరి బెంచీలో కూచునేది. నేను క్రికెట్ మ్యాచ్ ఉన్నరోజు "పాకిస్తానోడి"ని.

అది 1992. డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చారు. తర్వాత బళ్ళో నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. నాతో టిఫిన్ డబ్బా పంచుకునేవాడు పక్క బెంచీకి మారాడు, అంతే. ఆ చలికాలమంతా పొద్దున పుస్తకాల సంచి సర్దుకునే వేళకు నాకు కడుపునొప్పి వచ్చేది. డాక్టరు నొక్కి చూసి ఏమీ లేదన్నాడు. అబ్బా తాయెత్తు కట్టించాడు. ఇప్పుడు పెద్ద ఫీజుల బడులు ఇలాంటి కడుపునొప్పులకు కౌన్సిలర్లను పెట్టుకుంటున్నాయి. మంచిదే. కాని ఆ నొప్పి నా ఒక్కడి కడుపులో పుట్టింది కాదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మా తాలూకాల్లో అది చాలామంది పిల్లలకు వచ్చింది. ఎవరికి వచ్చేదన్నది మాత్రం రాజ్యం మారినప్పుడల్లా మారింది.

మా దాదా నిజాం జమానాలో చదువుకున్నాడు. హైదరాబాద్ రాజ్యంలో 1884లో ఫార్సీ పోయి ఉర్దూ సర్కారీ భాష అయింది. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో చదువంతా ఉర్దూలోనే. హిందుస్తాన్‌లో ఒక దేశభాషలో పై చదువులు చెప్పిన విశ్వవిద్యాలయమని మనం ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. గర్వపడాల్సిందే. కాని ఆ రాజ్యంలో సగానికి దగ్గరగా ఉన్న తెలుగువాళ్ళ పిల్లలకు అది ఎవరి దేశభాష? కింది తరగతుల్లో తెలుగు ఉన్నా, పై తరగతులకు పోయేకొద్దీ ఉర్దూ రాకపోతే దారి మూసుకుపోయేది.

తన క్లాసులో ఒక రైతుబిడ్డ పాఠం చదవబోయి నోరు తిరక్క బెత్తం దెబ్బలు తినేవాడని దాదా నవ్వుతూ చెప్పేవాడు. మేమూ పడీ పడీ నవ్వేవాళ్ళం. నాకు తానీషా వేషం ఇచ్చినరోజు మా క్లాసు నవ్విన నవ్వూ ఇదీ ఒకటేనని అప్పట్లో తట్టలేదు. దాదా ఇంకో సంగతి కూడా చెప్పేవాడు, అది మాత్రం నవ్వకుండా. ఉత్తరాది నుంచి వచ్చిన ఉస్తాద్ ఒకాయన, దాదా కలాన్ని మన దక్కనీ తీరులో "ఖలం" అన్నందుకు బెంచీ ఎక్కించాడట. అంటే ఏలినవాళ్ళ భాష మాట్లాడే ఇంట్లో పుట్టినా చాలలేదు. ఏలినవాళ్ళ ఉచ్చారణ కూడా ఉండాలి.

సర్కారు బడిలో చోటు లేదనుకున్నవాళ్ళు సొంత బడులు పెట్టుకున్నారు. ఇప్పుడు ప్రైవేటు అంటున్నదాన్ని అప్పుడు ఖాన్గీ అనేవారు. 1920లలో సర్కారు ఖాన్గీ బడులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. వీధి అరుగు మీద నలుగురు పిల్లలకు అక్షరాలు దిద్దించే పంతులుకూ అనుమతి కావాలి. ఈ నిబంధన ఎత్తెయ్యాలని ఆంధ్ర మహాసభ అడిగింది. అదే మహాసభ 1945లో మా ఖమ్మంలో జరిగింది. మాతృభాషలో చదువు అన్న డిమాండు మతద్వేషంలోంచి పుట్టిందని మనవాళ్ళు కొందరు ఇప్పటికీ అంటారు. నేను ఒప్పుకోను. మధిరలో బాల్యం గడిపిన దాశరథి మెట్రిక్ చదివింది ఉర్దూలో. నిజాం మీద నిప్పులు కురిసే పద్యాలు రాసి జైలుకు పోయిందీ, తర్వాత గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చిందీ ఆయనే. భాష మీద ప్రేమకూ, దాన్ని బెత్తంతో రుద్దడం మీద కోపానికీ ఒకే గుండెలో చోటుంటుంది.

ఇక గోదావరి. ఇప్పుడు భద్రాచలం అనగానే ఖమ్మం గుర్తొస్తుంది గాని, 1860లో నిజాం ఎడమ గట్టు తాలూకాలను ఇంగ్లీషువాళ్ళకు వదులుకున్నాడు. భద్రాచలం, రేకపల్లి మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి 1874లో మద్రాసు కిందికి పోయాయి. మళ్ళీ ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. అంటే దాదాపు తొంభై ఏళ్ళపాటు నది ఈ గట్టున పాల్వంచ వైపు ఉర్దూ రాజ్యం, ఆ గట్టున ఇంగ్లీషు రాజ్యం. రెండు గట్లమీదా ఉన్నది కోయవాళ్ళే. ఏ రాజ్యం బడిలోనూ వాళ్ళ మాట లేదు.

మొదట ఆ మాటను చెవిన పెట్టింది సర్కారు కాదు, ఒక ఖాన్గీ సంస్థ. నది మీద పడవ దారి పనులకొచ్చిన హేగ్ అనే ఇంజనీరు చొరవతో దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీవాళ్ళు దిగారు. అక్కడ చాలా ఏళ్ళు పనిచేసిన జాన్ కెయిన్ కోయల మాట, ఆచారాల గురించి 'ఇండియన్ యాంటిక్వరీ'లో రాశాడు. మతం మార్చడానికి వచ్చినవాళ్ళే, అందులో దాపరికమేమీ లేదు. అయినా పిల్ల ఇంట్లో ఏం మాట్లాడుతుందని అడిగారు. నిజాం సర్కారు ఆ ప్రశ్న అడిగింది చాలా ఆలస్యంగా. 1943లో ఆదిలాబాద్ మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ సలహా మీద గోండు టీచర్లకు శిక్షణ, గోండి వాచకాలు మొదలయ్యాయి. రాజ్యం అస్తమించడానికి అయిదేళ్ళ ముందు!

ఈ ప్రశ్న ఎంత చిన్నదో, ఎంత పెద్దదో ఒక్క మాటతో చెప్తాను. కోయలో ఏరు అంటే నీళ్ళు. తెలుగు వాచకంలో ఏరు అంటే వాగు. దాహమేసి ఏరు అడిగిన పిల్లకు పంతులు కిటికీలోంచి వాగు చూపిస్తే, ఆ పిల్ల మళ్ళీ నోరు తెరుస్తుందా? మాకూ ఇలాంటి అవస్థే. ఉర్దూ ఇంటి పిల్లలకు 'ళ', 'ణ' పలకవు. "కళ్ళు" అనబోయి "కల్లు" అంటే క్లాసంతా ఈల. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల పిల్లలను చూసి "నువ్వు సాయిబువి కాదా, ఉర్దూ ఎందుకు రాదు" అని ఇటునుంచి మనమే నవ్వాం. ఇది రాయకపోతే ఈ వ్యాసానికి నిజాయితీ ఉండదు.

1948 సెప్టెంబర్‌లో పోలీసు యాక్షన్. ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. ఒక్క తరంలో దాదా చదువు చెల్లని నాణెమైంది. 1956 పెద్దమనుషుల ఒప్పందంలో ఉర్దూ స్థానం అయిదేళ్ళపాటు కదపకూడదని రాసుకున్నారు. బళ్ళో కూచున్న పిల్లవాడికి అయిదేళ్ళంటే ఎంత? ఉర్దూ మీడియం సెక్షన్లు టీచర్లు లేక ఎండిపోతుంటే, స్తోమతున్న మనవాళ్ళు పిల్లల్ని ఇంగ్లీషు కాన్వెంట్లకు పంపారు. లేనివాళ్ళ పిల్లలు మెకానిక్ షెడ్లకు, బీడీల గంపల దగ్గరికి పోయారు. ముస్లిం పిల్లలంతా మదర్సాల్లోనే ఉంటారన్న మాట నేను న్యూస్‌రూముల్లో ఎన్నిసార్లు విన్నానో. 2006లో సచార్ కమిటీ లెక్క తేల్చింది: బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదర్సాకు పోయేది నూటికి ముగ్గురు.

2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో నాలుగోవంతు సీట్లు పేద, అణగారిన పిల్లలకివ్వాలంది. మైనారిటీ సంస్థలకు ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. మన హక్కు నిలిచిందని మనం సంతోషపడ్డాం. మనవాళ్ళు నడిపే పెద్ద బడి గేటు దగ్గర మన పంక్చర్ షాపు సాయిబు కొడుక్కి చోటు దొరుకుతుందా అని ఎవరు అడిగారు?

2016 నుంచి తెలంగాణలో మైనారిటీ గురుకులాలు వచ్చాయి. మొదట 71, తర్వాత 204. మా చుట్టాల్లో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్ల అలాంటి గురుకులంలో చదివిందే. ఆ పిల్ల ఫోన్లో ఇంగ్లీషు మాట్లాడుతుంటే నానీమా పక్కనే కూచుని ఊరికే వింటుంది. కాబట్టి వాటిని తేలిగ్గా తీసెయ్యలేను. నాలుగోవంతు సీట్లు ఇతరులకూ ఉంటాయి. అయినా మొత్తం మీద మా పిల్లలు మా గురుకులంలో, కోయ పిల్లలు గిరిజన గురుకులంలో, మాల మాదిగ పిల్లలు సాంఘిక సంక్షేమంలో. మేం ఒకరి పక్కన ఒకరం కూచునే బెంచీ ఏది? అందర్నీ ఒకే ఆవరణలోకి తెచ్చే సమీకృత గురుకులాలకు 2024లో శంకుస్థాపనలు జరిగాయి. ఆవరణ ఒకటైతే సరే, డైనింగ్ హాలు ఒకటవుతుందా, చివరి బెంచీ ఎవరిది అవుతుంది అన్నది చూడాలి.

కోయ పిల్లకు దక్కిన ఒక్క ఆసరా కూడా కదిలిపోయింది. ఏజెన్సీ బడుల్లో టీచర్ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి మూడో నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. నూటికి నూరు శాతం చెల్లదన్నది. చట్టం సంగతి లాయర్లు చూసుకుంటారు. నాకు మాత్రం ఏరు అడిగిన పిల్ల గుర్తుకొస్తుంది. మన కాలమ్‌లలో, మన సభల్లో ఆ తీర్పు గురించి ఎంత రాశాం? హిజాబ్ కోసం 2022లో మనం రాసినదాంట్లో పదో వంతు కూడా లేదు. నది పంపకం కూడా మళ్ళీ జరిగింది. 2014లో కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. మళ్ళీ రెండు గట్లు, రెండు సర్కార్లు, రెండు రకాల పాఠ్యపుస్తకాలు.

ఆ మధ్య వార్త పని మీద భద్రాచలం పోతే, ఒక ప్రైవేటు బడి వార్షికోత్సవానికి పిలిచారు. రామదాసు నాటకమే. కథలో ఒక ముచ్చట ఉంది. రాముడూ లక్ష్మణుడూ బాకీ కట్టడానికొచ్చి కనిపించింది జైల్లో ఉన్న భక్తుడికి కాదు, నిద్రలేచిన తానీషాకు. చిన్నప్పుడు నేను ఆ సీను కోసమే ఆ వేషాన్ని భరించాను. స్టేజీ మీద రాముడు నన్ను "నవాబుగారూ" అని పిలిచేవాడు. ఆ రాముడే నా టిఫిన్ దోస్తు.

ఈసారి తానీషా వేసినవాడు గొంతు దిట్టంగా ఉన్న కుర్రాడు, పేరు అడిగితే ముస్లిం కాదు. ఎందుకు వాడికే ఇచ్చారని టీచరమ్మను అడిగాను. "బాగా చేస్తాడండీ" అంది, ఇందులో అడగడానికేముందన్నట్టు చూసి. దమ్మక్క ఎవరని అడిగాను. హాస్టల్ నుంచి వచ్చిన కోయ పిల్ల. తాటిపండు చేత్తో పట్టుకుని, మేకప్ చెదరకుండా, తన వంతు కోసం తెర పక్కన నిలబడి ఉంది.