కరుణామయుడు సినిమా, మన సిలువ మార్గం

గుడ్ ఫ్రైడే నాడు సిలువ మార్గానికి బదులు "కరుణామయుడు" సినిమా వేద్దామని కొందరన్నారు. ఓసారి ఇది చదవండి.

ఆ సినిమా 1978 డిసెంబరులో వచ్చింది. డైరెక్టరు ఎ. భీంసింగ్. తమిళంలో "పాశమలర్" (1961) తీసి అందర్నీ ఏడిపించింది ఈయనే. పాపం, ఆ ఏడు జనవరిలోనే పోయారు, రిలీజు చూసుకోలేదు. యేసుగా వేసింది విజయచందర్. "మాయాబజార్" (1957)లో ఎన్.టి.ఆర్.ని కృష్ణుడిగా చూసిన మనవాళ్లకి తెర మీద దేవుడు కొత్తేం కాదు. 1986లో ఇదే విజయచందర్ షిర్డీ సాయిబాబాగా వేస్తే అప్పుడూ దండాలు పెట్టారు. హిందీలో "దయాసాగర్" అయింది. 16 ఎం.ఎం. ప్రొజెక్టర్లతో పల్లెల్లో తెర కట్టి చూపించేవారు. చదువు రానివాళ్లెందరికో క్రీస్తు కథ అలాగే తెలిసింది. అది చిన్న పని కాదండి.

కానీ సినిమా మన కోసం ఆగదు. ఏడుపు గొంతులో ఉండగానే తరవాతి సీను వచ్చేస్తుంది. సిలువ మార్గంలో 14 స్థలాలు. ప్రతి చోటా ఆగి, మోకాళ్లూని, జపం చెప్పాకే అడుగు వేస్తాం. 1846 నాటి మన సెయింట్ ఆన్స్ గుడిలో పెద్దవాళ్లు నేర్పింది ఈ ఆగడమే.

అందుకని సినిమా మట్టలాదివారం సాయంత్రం పెట్టుకుందాం. బంధించినప్పుడు, సిలువ మోసేటప్పుడు, ప్రాణం విడిచాక, మూడుసార్లు ఆపి రెండేసి నిమిషాలు మౌనం, ఒక పరలోక జపం. శుక్రవారం సిలువ మార్గం మామూలే. మోకాళ్ల నొప్పులవాళ్లకి కుర్చీలు వేయిద్దాం.

రిమోటు నా దగ్గరుంటుంది.