పిల్లల్లేనివాడు బడి పన్నెందుకు కట్టాలి?

టెక్సస్‌లో సొంత ఇల్లున్నవాళ్లకు జనవరి 31 బాగా గుర్తుంటుంది. ప్రాపర్టీ టాక్స్ కట్టడానికి అదే ఆఖరి తేదీ. ఆ రాష్ట్రంలో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు. ఆ లోటు ఇంటి మీద తీర్చుకుంటారు. బిల్లు విప్పి చూస్తే ఊరికి కొంత, కౌంటీకి కొంత పోగా, మామూలుగా పెద్ద ముద్ద స్కూల్ డిస్ట్రిక్ట్‌దే. డాలస్ దగ్గరి ఫ్రిస్కో, ప్లేనో వైపు ఇల్లు చూసే తెలుగువాళ్లు బెడ్‌రూములు ఎన్నని అడగకముందే ఏ ఐఎస్‌డీ (ఏ స్కూల్ డిస్ట్రిక్ట్) అని అడుగుతారు. బడి బాగుంటే ఇళ్ల ధర ఎగబాకుతుంది, దాని వెనకే పన్నూ ఎక్కుతుంది. 2024 నవంబరులో ఫ్రిస్కో బడి బోర్డు పన్ను రేటు పెంచుతామని, బాండ్లమ్మి వంద కోట్ల డాలర్లకు పైగా అప్పు తెస్తామని ఓటర్లను అడిగింది. ఓటర్లు రెండింటికీ వద్దన్నారు. బడి కోసమే వెతుక్కుంటూ వచ్చిన ఊళ్లో బడికే డబ్బు వద్దనడం వింతగా కనిపిస్తుంది కానీ, అమెరికాలో ఈ పేచీ పాతదే.

ఎంత పాతదంటే 1647 నాటిది. ఆ ఏడు మసాచుసెట్స్ వలసలో ఒక చట్టం చేశారు. యాభై కుటుంబాలున్న ఊరు పంతుల్ని పెట్టుకోవాలి, వంద కుటుంబాలుంటే గ్రామర్ స్కూలు నడపాలి. జనానికి బైబిలు చదవడం రాకుండా సైతాను అడ్డుపడుతున్నాడట, అందుకని! ఆ తర్వాత నూట యాభై ఏళ్ల పైచిలుకు చాలా ఊళ్లలో చర్చి బళ్లు, ధర్మదాతలు, ఫీజు ఇచ్చుకోగల తండ్రులే చదువుకు దిక్కు. అదంతా దాటేసి నేరుగా పెన్సిల్వేనియాకు పోదాం. నాకు ఇష్టమైన మనిషి అక్కడున్నాడు.

అక్కడ 1809లో వచ్చిన చట్టం పైకి చూస్తే దయగలదే. పేదపిల్లల ఫీజు కౌంటీ కట్టేది. అయితే పన్ను లెక్కలు రాసే ఉద్యోగి గుమ్మంలోకి వచ్చినప్పుడు తండ్రి తాను బీదవాణ్ణని ఒప్పుకుని పిల్లల పేర్లు రాయించాలి. తక్కిన పిల్లల మధ్య వీళ్లు 'ధర్మం పిల్లలు'. ఎందరో తండ్రులు ఆ పేరు పడటం కంటే చదువు మానిపించడమే మేలనుకున్నారు. 1834లో గవర్నర్ జార్జ్ వోల్ఫ్ హయాంలో శాసనసభ దాదాపు ఏకగ్రీవంగా కొత్త చట్టం చేసింది: పిల్లలందరికీ ఒకే బడి, ఖర్చు అందరి పన్నులోంచి.

పన్ను మాట వినగానే రాష్ట్రం భగ్గుమంది. జర్మన్ రైతులకు చర్చి బళ్లున్నాయి, అక్కడ చదువు జర్మన్‌లోనే సాగేది. క్వేకర్లకు వాళ్ల బళ్లు వాళ్లకున్నాయి. తమ పిల్లలకు తాము చెప్పించుకుంటూ పక్కవాడి పిల్లలకు కూడా కట్టడమేమిటని వాళ్ల ప్రశ్న. దాన్ని పిసినారితనమని కొట్టిపారేయలేం, వాళ్లు నిజంగానే రెండుసార్లు కట్టాల్సివచ్చింది. ఆ ఏటి ఎన్నికల్లో చట్టానికి చేయెత్తిన సభ్యులు చాలామంది ఇంటిదారి పట్టారు. రద్దు చేయమన్న అర్జీల మీద సుమారు 32,000 సంతకాలు పడ్డాయి. ముందటేడు చట్టానికి ఓటేసిన నోళ్లతోనే సెనేటర్లు రద్దుకు సై అన్నారు. మిగిలింది ప్రతినిధుల సభ.

అక్కడ గెటిస్‌బర్గ్ వకీలు థాడియస్ స్టీవెన్స్ ఉన్నాడు. పుట్టుకతోనే ఒక పాదం వంకర. తండ్రి ఇల్లు వదిలి పోతే తల్లి ఒళ్లు హూనం చేసుకుని చదివించింది. స్పీల్‌బర్గ్ 'లింకన్' సినిమాలో టామీ లీ జోన్స్ విగ్గు పెట్టుకుని వేసింది ఈయన పాత్రే. గవర్నర్ వోల్ఫ్ ఎదుటి పార్టీవాడు, పైగా ఫ్రీమేసన్. స్టీవెన్స్ రాజకీయమంతా మేసన్లను తిట్టడం మీదే నడిచింది. తనను గెలిపించినవాళ్లలోనూ చాలామంది రద్దే కోరుతున్నారు. ఊరుకుంటే ఏ బాధా లేదు.

1835 ఏప్రిల్ 11న మాట్లాడటానికి లేచాడు. కోర్టులో ఎన్నడూ వ్యాజ్యం వేయనివాడు కోర్టు ఖర్చు భరించడం లేదా? నేరం చేసినవాణ్ణి జైల్లో మేపడానికి కిక్కురుమనకుండా కట్టేవాడు, వాడు నేరస్థుడు కాకుండా చేసే బడికి కట్టమంటే గోల చేస్తాడేం? ఇదీ ఆయన వాదం. పాత చట్టానికి పేదలకు వాతపెట్టే చట్టమని పేరు పెట్టాడు. శత్రువైన గవర్నర్ని ఆ విషయంలో నిండుగా మెచ్చుకున్నాడు. ఉపన్యాసం అయ్యాక సభ మనసు మారిపోయింది. రద్దు వీగింది, సెనేట్ దిగొచ్చింది. ఆ ప్రసంగాన్ని పట్టుగుడ్డ మీద అచ్చువేయించి ఆయనకు కానుక ఇచ్చారంటారు. పాపం వోల్ఫ్, సొంత పార్టీ చీలి ఆ శరదృతువులోనే ఓడిపోయాడు. స్టీవెన్స్ జీవితాంతం పెళ్లి చేసుకోలేదు. పిల్లల్లేని మనిషి బడి పన్ను ఎందుకు కట్టాలో ఆయన నోటినుంచే రావడం నాకు మహా ఇష్టం.

ఆ తర్వాతి కథ ఇంత చక్కగా ఒక దారిన పోదు. 1874లో మిషిగన్ సుప్రీంకోర్టు కలమజూ కేసులో హైస్కూలుకు కూడా పన్ను వేయవచ్చంది. మరో వందేళ్లకు ప్రశ్న మారింది: పన్ను ఎవరి ఇంటినుంచి, ఎంత? 1968–69లో లాస్ ఏంజెలస్ దగ్గరి బాల్డ్విన్ పార్క్‌వాళ్లు వంద డాలర్ల మదింపు విలువకు 5.48 డాలర్ల పన్ను కడితే పిల్లవాడికి 577 డాలర్లు దక్కాయి. బెవర్లీ హిల్స్‌లో 2.38 కడితే 1,232 దక్కాయి. 1971లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇది చెల్లదంది. ఆ సర్దుబాట్లు జరుగుతుండగానే 1978 జూన్‌లో హోవర్డ్ జార్విస్ అనే పన్నుల వ్యతిరేకి ప్రొపొజిషన్ 13ను ఓటర్లచేత గెలిపించి, ఇంటి పన్నును విలువలో ఒక్క శాతానికి కట్టేశాడు. రెండేళ్లకు 'ఎయిర్‌ప్లేన్' సినిమాలో ఆయనే టాక్సీలో మీటరు తిరుగుతుంటే కూర్చుని కనిపిస్తాడు. స్టీవెన్స్ వాదించి గెలిచిన పెన్సిల్వేనియా రాజధాని హారిస్‌బర్గ్‌లోనే 2015లో బడి ఆస్తిపన్ను ఎత్తేసే బిల్లుకు సెనేట్‌లో ఓట్లు 24–24 అయ్యాయి. లెఫ్టినెంట్ గవర్నర్ ఓటుతో బిల్లు పోయింది.

ఇప్పుడు గొడవ పన్నుతో ఆగడం లేదు, అప్పు దాకా వచ్చింది. టెక్సస్‌లో 2019 నుంచి బడి బాండ్ల బ్యాలెట్ మీద 'ఇది ఆస్తి పన్ను పెంపు' అని పెద్దక్షరాల్లో అచ్చువేయాలి. రేటు పెరగని చోట కూడా ఆ వాక్యం ఉండాల్సిందే. అది చదివాక ఓటు వేసే చేయి కాస్త తటపటాయించదా? పైగా బాండ్ల డబ్బు కట్టడాలకు, బస్సులకే గానీ టీచర్ల జీతాలకు పనికిరాదు. కొత్త స్టేడియం కట్టి టీచర్ని తీసేశారని ఓటరు మండిపడటం దానివల్లే.

జైలుకు కట్టేవాడు బడికీ కట్టాలన్న స్టీవెన్స్ మాట ఏ ఏటికాయేడు పన్నుకు నిలుస్తుంది. అప్పుకు ఎంతవరకు నిలుస్తుందో నాకు అనుమానమే. నలభై ఏళ్లు నిలిచే భవనానికి అప్పు చేయడం తప్పేం కాదు, వాడుకునేవాళ్లంతా తలా కొంత కడతారు. కానీ శాన్ డియేగో దగ్గర పొవే డిస్ట్రిక్ట్ 2011లో చేసింది వేరు. ఇప్పట్లో పన్ను పెంచబోమని మాటిచ్చి, ఇరవై ఏళ్లకు పైగా పైసా కట్టక్కర్లేని బాండ్లతో 10.5 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. వడ్డీ మీద వడ్డీ పడి తిరిగి కట్టాల్సింది దాదాపు వంద కోట్లయింది. గగ్గోలు రేగాక 2013లో కాలిఫోర్నియా చట్టం చేసి, ఇలాంటి బాండ్లకు అసలుకు నాలుగింతలకు మించి కట్టించకూడదంది. పొవే అప్పటికే సంతకాలు చేసేసింది. దాని వాయిదాలు 2033లో మొదలై 2051 దాకా సాగుతాయి.