లినక్స్ సెక్యూరిటీ మాడ్యూల్స్

లినక్స్ సెక్యూరిటీ మాడ్యూల్స్, సంక్షిప్తంగా ఎల్.ఎస్.ఎమ్., అనేది లినక్స్ కెర్నల్‌లో వివిధ భద్రతా విధానాలను అమర్చుకోవడానికి వీలు కల్పించే చట్రము. ఏ విధానాన్ని వాడాలన్నది వ్యవస్థను రూపొందించేవారు, నిర్వహించేవారు నిర్ణయించుకుంటారు.

నేపథ్యము

యునిక్స్ సంప్రదాయంలో ఒక ఫైలును ఎవరు చదవవచ్చో, ఎవరు మార్చవచ్చో దాని యజమాని నిర్ణయిస్తాడు. రూట్ వాడుకరికి ఈ అడ్డంకులు వర్తించవు. అందువలన రూట్ అధికారంతో నడిచే ఒక్క ప్రోగ్రాము లొంగిపోయినా కంప్యూటరు మొత్తం దాడిచేసినవారి వశం కాగలదు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎస్ఈలినక్స్‌ను రూపొందించి, 2000 డిసెంబరులో విడుదల చేసింది. 2001లో దీనిని కెర్నల్‌లో చేర్చే ప్రతిపాదన రాగా, ఇటువంటి ప్రయత్నాలు అప్పటికే పలు ఉన్నందున, అన్నింటికీ పనికివచ్చే చట్రము కావాలని లైనస్ టోర్వాల్డ్స్ కోరాడు. అలా రూపొందిన ఎల్.ఎస్.ఎమ్. 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నల్‌లో భాగమైంది.

పనిచేయు విధానము

ఒక ప్రోగ్రాము ఫైలును తెరవబోయినపుడు కెర్నల్ మొదట సాధారణ అనుమతులను పరిశీలిస్తుంది. అవి సరిపోతేనే మాడ్యూలును సంప్రదిస్తుంది. మాడ్యూలు నిరాకరిస్తే రూట్‌కు సైతం ఆ ఫైలు అందదు. మొదటి దశలో తిరస్కరించిన దానిని మాడ్యూలు తిరిగి అనుమతించజాలదు.

ముఖ్యమైన మాడ్యూళ్ళు

* ఎస్ఈలినక్స్: ఫైళ్ళకు, ప్రాసెస్‌లకు తగిలించిన లేబుళ్ళ ఆధారంగా పనిచేస్తుంది. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 నుండి ఆ వ్యవస్థ అంతటా అమలవుతున్నది.
* యాప్‌ఆర్మర్: ఫైలు ఉన్న మార్గము ఆధారంగా పనిచేస్తుంది. 2010లో 2.6.36 కెర్నల్‌లో చేరింది.
* ల్యాండ్‌లాక్: 2021లో 5.13 కెర్నల్‌లో చేరింది. దీని ద్వారా సాధారణ ప్రోగ్రాము కూడా, రూట్ ప్రమేయం లేకుండా, తన అధికారాలను తానే కుదించుకోగలదు.