బొమ్మ కాళ్ల కింది గడ్డి

మధిరలో విజయవాడ వైపు రైలెక్కితే ఎర్రుపాలెం దాటాక కొండపల్లి వస్తుంది. ఇప్పుడది పక్క రాష్ట్రం. అయినా సంక్రాంతి కొలువు పెట్టేవాళ్లకు అదేమంత దూరం కాదు. అక్కడ తెల్ల పొణికి చెక్కను చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో కాళ్లూ చేతులూ అతికి, సున్నం పూసి రంగులద్దుతారు. తాడెక్కే గీతకార్మికుడూ, ఎడ్లబండీ, అంబారీ ఏనుగూ అలా తయారైనవే. అందరూ బొమ్మనే మెచ్చుకుంటారు. చాలావాటి కింద ఆకుపచ్చ పూసిన చెక్క పలక ఉంటుంది, దాన్నెవరూ పట్టించుకోరు. బొమ్మ కింద గడ్డి కథ అక్కడే మొదలవుతుంది: మొదట అది ఉత్త రంగు.

రంగుతో సరిపెట్టుకోనిది మన ఆడవాళ్లే. పండక్కి వారం ముందు పళ్లెంలో మట్టి పోసి, రాత్రంతా నానిన గింజలు చల్లి, తడిగుడ్డ కప్పుతారు. ఏ గింజ అన్నదే అసలు సంగతి. మెంతులూ ఆవాలూ తొందరగా లేస్తాయి కానీ రెండేసి ఆకులు విప్పుతాయి, చూస్తే కూరమడిలా ఉంటుంది. రాగులైతే గడ్డిజాతి, సన్నటి పరకే వస్తుంది. కొలతా కుదురుతుంది. అయిదంగుళాల మనిషి బొమ్మ పక్కన అంగుళం పైరు దాదాపు మోకాలెత్తు చేను. జొన్న వేస్తే కొద్ది రోజుల్లో ఎడ్లబండి కనబడదు. చీకటి మూలన పెడితే పాలిపోతుంది, కిటికీ పక్కనైతే వెలుగు వైపు వాలిపోతుంది, రోజూ పళ్లెం తిప్పుతూ ఉండాలి.

అంత ఓపిక లేనివాళ్లు రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు కలిపి, ఆరబెట్టి చల్లారు. పడమటి దేశాల్లో రైలు నమూనాలు కట్టేవాళ్లూ చాలాకాలం దీన్నే నమ్ముకున్నారు. ఇటలీ క్రిస్మస్ పశువుల పాకల్లో మాత్రం నాచు పరిచేవారు. ఇక బొమ్మ సైనికుల సంగతి. ఇంగ్లండులో విలియం బ్రిటన్ సంస్థ 1893లో బోలు సీసం సైనికుల్ని పోతపోయడం మొదలుపెట్టింది. హెచ్.జి. వెల్స్ 1913లో బొమ్మ సైనికుల యుద్ధాల మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. 1983లో వార్‌హామర్ ఆట వచ్చాక, రంగులేసిన చిన్న బొమ్మల కింద నేల ఎలా ఉందన్నది కూడా పోటీలో భాగమైంది. 28 మిల్లీమీటర్ల బొమ్మ దగ్గర రంపపు పొట్టు రవ్వ గులకరాయంత కనిపిస్తుంది మరి.

నైలాన్ పోగు ఆ లోటు తీర్చింది. 1911లో పుట్టిన జర్మనీ కంపెనీ నోచ్, రైలు నమూనాల కోసం దీన్ని అమ్మే పేరున్న సంస్థల్లో ఒకటి. అంత చిన్న బొమ్మ పక్కన 2 మిల్లీమీటర్ల పోగు బెత్తెడున్నర గడ్డి, 4 మిల్లీమీటర్లది జానెడు. చేత్తో చల్లితే పడుకుంటుంది, నిలబెట్టడానికి కరెంటు కావాలి. అందుకు ఖరీదైన యంత్రాలున్నాయి కానీ చాలామంది దోమల బ్యాట్ విప్పేస్తారు. అందులోని సర్క్యూట్ చిన్న బ్యాటరీ కరెంటును వేల వోల్టులకు పెంచుతుంది. ఒక వైరు ఇనుప టీ జల్లెడకు, రెండోది బొమ్మ పలక మీది తడి ఫెవికాల్‌లో గుచ్చిన మేకుకు. జల్లెడ ఊపితే ఛార్జ్ ఎక్కిన పోగులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, బంక వైపు నిటారుగా దూకి గుచ్చుకుంటాయి. ఆపాక కూడా జల్లెడ ముట్టుకుంటే చురుక్కుమంటుంది, రెండు వైర్ల కొసలూ ఒకసారి తాకించాకే చెయ్యి పెట్టాలి.

అయితే ప్యాకెట్లలో వచ్చేది చాలావరకు యూరప్ పచ్చిక. వైరా ఏటి ఒడ్డున తుంగకు 6 మిల్లీమీటర్ల పోగు పనికొస్తుంది. మిరప చేల గట్ల మీద గరిక మాత్రం నిలబడదు, నేలను పట్టుకుని పాకుతుంది. దానికి కరెంటు అక్కర్లేదు, పోగులు చేత్తోనే చల్లి వేలితో అదమాలి. ఎండిన గడ్డికి గోనెసంచి పీచు కత్తిరించినా చాలు. కింద నల్లరేగడి రంగు వేయడం మాత్రం మరవకూడదు. గడ్డి సందుల్లోంచి గోధుమరంగు మన్ను కనిపిస్తే అది మధిర కాదు.