అణువు అమరిక, అణువు కదలిక: సూరి భగవంతం పరిశోధన – పాలిమర్ ద్రావణాల అధ్యయనం

ఉపోద్ఘాతం

చింతలపూడి, నూజివీడు, ఆగిరిపల్లి ప్రాంతాలు మామిడితోటలకు ప్రసిద్ధి. 2022 నాటి పునర్విభజన తరువాత ఈ మూడూ ఏలూరు జిల్లాలోనే ఉన్నాయి. ఈ సీమకు చెందిన ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన భౌతికశాస్త్రవేత్త సూరి భగవంతం ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షునిగా, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకునిగా, రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా సుపరిచితులు. అణువుల అధ్యయనంలో ఆయన కృషికి, తరువాతి కాలపు పాలిమర్ పరిశోధనకు గల సంబంధం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కాంతి తెలిపిన అమరిక

భగవంతం 1928లో కలకత్తాలో సి.వి. రామన్ పరిశోధక బృందంలో చేరారు. లంబదిశలో పరిక్షేపించిన కాంతి ఎంతమేరకు ధ్రువితమైందో కొలిస్తే అణువు అన్ని దిశలలో ఒకేలా ఉందా, లేదా అన్నది తెలుస్తుంది. 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించిన ఆయన గ్రంథం కాంతి పరిక్షేపణాన్ని, రామన్ ఫలితాన్ని సమగ్రంగా వివరించింది. టి. వెంకటరాయుడుతో కలిసి 1948లో వెలువరించిన గ్రంథం గణిత సమూహ సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు అన్వయించింది. ఏ కంపనం రామన్ వర్ణపటంలో కనబడుతుందో, ఏది కనబడదో అణువు సౌష్ఠవమే నిర్ణయిస్తుందన్నది ఈ పద్ధతికి మూలసూత్రం.

విద్యుత్ క్షేత్రం తెలిపిన కాలం

పీటర్ డెబై మార్గం వేరు. ఒక కొన ధనావేశం, మరో కొన ఋణావేశం గల అణువులు విద్యుత్ క్షేత్రానికి అనుగుణంగా తిరుగుతాయి. క్షేత్రం దిశ నెమ్మదిగా మారితే అవి దానిని అనుసరిస్తాయి. వేగం పెరిగితే వెనుకబడతాయి. ఆ జాప్యమే డైఎలెక్ట్రిక్ రిలాక్సేషన్. సాధారణ ఉష్ణోగ్రత వద్ద నీటి అణువులకు ఈ దశ సుమారు 20 గిగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది. డెబై 1929లో వెలువరించిన గ్రంథం ఈ అధ్యయనానికి పునాది అయింది.

దట్టమైన ద్రావణాలు

పాలిమర్ గాఢత పెరిగినకొద్దీ గొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసుకుంటాయి. చిక్కుపడిన నూలులోంచి ఒక పోగు జారినట్లు, గొలుసు తన పొడవు వెంటనే పాకుతుందని డి జెన్ 1971లో ప్రతిపాదించారు. అలా పెనవేసుకున్న స్థితిలో రిలాక్సేషన్ కాలం గొలుసు పొడవు 3.4వ ఘాతానికి ఇంచుమించు అనుపాతంలో ఉంటుందని ప్రయోగాలు చూపాయి. అంటే పొడవు రెట్టింపయితే కాలం 10 రెట్లకు మించి పెరుగుతుంది.

అయితే అన్ని పాలిమర్లలోనూ ఈ కదలిక విద్యుత్ క్షేత్రానికి చిక్కదు. ద్విధ్రువాలు గొలుసు వెంట ఒకే వరుసలో ఉన్నప్పుడే మొత్తం గొలుసు కదలిక కనబడుతుందని, అడ్డంగా ఉంటే స్థానిక చలనాలే కనబడతాయని స్టాక్‌మేయర్ 1967లో చేసిన వర్గీకరణ తెలుపుతుంది. సహజ రబ్బరులోని సిస్-పాలీఐసోప్రీన్ మొదటి రకానికి, పాలీస్టైరీన్ రెండవ రకానికి ఉదాహరణలు.

ముగింపు

భగవంతం కృషి నుండే పాలిమర్ డైఎలెక్ట్రిక్ పరిశోధన పుట్టిందనడం చారిత్రకంగా సరికాదు. అది డెబై మార్గంలో వికసించింది. కాని పరికరానికి ఏది కనబడాలో అణువు అమరికే నిర్ణయిస్తుందన్న ఆలోచన రెండింటికీ సమానం. ప్రాంతీయ శాస్త్రచరిత్ర రచనలో వారసత్వానికీ, భావసామ్యానికీ మధ్య ఈ భేదాన్ని పాటించడం అవసరం. అప్పుడే భగవంతం కృషి పదవుల జాబితాలో మరుగునపడకుండా, అతిశయోక్తికీ లోనుకాకుండా తన స్థానంలో నిలుస్తుంది.